చేతులు కట్టుకుని వెళ్లిన మేస్త్రి

మా ఫ్యాక్టరీలో నన్ను అందరూ వీసా అక్క అంటారు. నిన్నగాక మొన్న చేరినవాళ్లకీ నేను అక్కనే, రేపోమాపో రిటైరయ్యే స్టోరు గుమస్తాకీ నేను అక్కనే. పంతొమ్మిదేళ్లుగా ప్రయాణాల విభాగం అనే గదిలో కూర్చుని మనుషుల్ని సరిహద్దులు దాటిస్తున్నాను. గది అనడం మర్యాదకి. మేడమెట్ల కింద ఒక టేబులు, రెండు బీరువాలు, కాగితం నమిలే ప్రింటరు ఒకటి. నేను మాత్రం ఇంతవరకూ ఏ సరిహద్దూ దాటలేదు. ఆ ఫారాల్లో ఏమేం అడుగుతారో తెలుసు కాబట్టి దాటాలన్న సరదా కూడా లేదు.

చెప్పబోయేది చెవి మేస్త్రి గురించి. కానీ ముందు ఒక రూలు చెప్పాలి, లేకపోతే నా కడుపుమంట మీకు అర్థం కాదు. మా ఫ్యాక్టరీ అట్టపెట్టెల కోసం అట్టల్ని కోసే ప్రెస్సులు తయారుచేస్తుంది. సరిహద్దు అవతలి వాళ్లు కొంటారు. చెడిపోతే మా ఫిట్టరు వెళ్లాలి. బిజినెస్ వీసా మీద వెళ్లిన మనిషి అక్కడ చూడొచ్చు, వినొచ్చు, మాట్లాడొచ్చు, తల ఊపొచ్చు, పెద్ద పెద్ద ఒప్పందాల మీద సంతకాలు పెట్టొచ్చు. స్పానరు మాత్రం పట్టుకోకూడదు. పట్టుకున్నాడా, అది పని. పనికి వేరే పర్మిట్ కావాలి, దానికి ఆరు వారాలు. మా మేనేజరు వెళ్లి వారం రోజులు విందులు తిని వస్తే అది బిజినెస్. మా ఫిట్టరు ఒక బోల్టు బిగిస్తే అది నేరం. ఈ మాట నేను కొత్తగా వచ్చిన ప్రతి మేనేజరుకీ చెప్తాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంటుంది.

ఇక చెవి మేస్త్రి. వయసు యాభై మూడు. ఫ్యాక్టరీలో చేరి ముప్పై ఏళ్లు దాటింది. యంత్రం ఎక్కడ చెడిందో చెవితో కనిపెడతాడు కాబట్టి ఆ పేరు. మూరెడు పొడుగు కర్రముక్క ఒకటి ఎప్పుడూ జేబులోంచి బయటికి పొడుచుకుని ఉంటుంది. దాని ఒక కొన యంత్రానికి ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంటాడు. కళ్లు తెరిచి ఒక్క మాట అంటాడు. ఆ మాట తప్పయిన రోజు నాకు తెలిసి లేదు. అంత పనివాణ్ణి కంపెనీ కాగితాల్లో ఏమని రాశారో తెలుసా? సహాయక సాంకేతిక సిబ్బంది, రెండో శ్రేణి. డిప్లొమా లేదు కదా మరి. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. ఆయన నన్ను అమ్మాయ్ అంటాడు, అదీ నోరు తెరిస్తే. నోట్లో నాలుక లేని మనిషి.

ఆయన భార్య నర్సు. మా పిన్ని అన్నమాట. ఆరేళ్ల కిందట అవతలి దేశంలో ఆసుపత్రి ఉద్యోగం వస్తే వెళ్లింది. పిల్లల్లేరు, ఇద్దరికి ఇద్దరే. వెళ్లేటప్పుడు ఇద్దరూ అనుకున్నది, ఏడాదిలో ఆయన్నీ పిలిపించుకోవచ్చని. తీరా వెళ్లాక తెలిసింది, ఆమెకిచ్చిన రకం పర్మిట్ మీద భర్తని తెచ్చుకోవడానికి వీల్లేదు. కుక్కని తెచ్చుకోవచ్చు, టీకాల కాగితం ఉంటే. ఈ రూలు నేను మూడుసార్లు చదివాను, నా కళ్లే బాగాలేవేమోనని. ఆమె ఒప్పందం ఇంకా మూడేళ్లుంది, మధ్యలో వదిలి రావడానికి లేదు. ఏడాదికోసారి నెల రోజుల సెలవు మీద వస్తుంది. ఈయన వెళ్దామంటే ఫ్యాక్టరీ ఇచ్చే సెలవు పన్నెండు రోజులు, అందులో సగం విమానాలకీ క్యూలకీ సరి.

దీనికి ఒక్కటే దారి కనిపించింది నాకు. అవతల మా ప్రెస్సులు కొన్న కార్ఖానాలో రెండేళ్లపాటు మా ఫిట్టరొకడు ఉండాలని ఒప్పందం కుదిరింది. ఉద్యోగి పోస్టింగ్ అంటారు దాన్ని. ఆ కార్ఖానాకీ పిన్ని ఆసుపత్రికీ మధ్య బస్సులో నలభై నిమిషాలు. మేనేజరు వెంటపడి, బతిమాలి, బెదిరించి, ఆ పోస్టింగ్ బాబాయ్ పేరు మీద రాయించాను. పద్నాలుగు కాగితాలు జతచేశాను. ఆయన చదివిన బడి మూతపడితే, ఆ బడి హెడ్మాస్టారి కొడుకుని పట్టుకుని సర్టిఫికెట్ రాయించుకొచ్చాను. దరఖాస్తు వెళ్లింది. రెండు నెలల్లో జవాబు వస్తుందన్నారు. పిన్ని అప్పుడే రెండు గదుల ఇల్లు చూసి పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఆ కార్ఖానా నుంచి ఫోనొచ్చింది. వాళ్ల పెద్ద ప్రెస్సు ఏదో చప్పుడు చేస్తోందిట. దాని మీద పనిచేసే అమ్మాయికి అనుమానం వచ్చి ఫోను యంత్రం దగ్గర పెట్టింది. బాబాయ్ నా టేబులు దగ్గరే నిలబడి విన్నాడు. పూర్తిగా వినకుండానే ముఖం మాడిపోయింది.

"ఇరుసు పగులుతోంది. ఆపేయమను," అన్నాడు.

ఆ ప్రెస్సులో ఇరుసు తెగితే పైనున్న కోత పలక దానంతటది కిందకి దిగుతుంది. దాని కింద ఆ అమ్మాయి చేతులుంటాయి. యంత్రం ఆపేశారు. పర్మిట్ తీయాలంటే ఆరు వారాలు, బిజినెస్ వీసా అయితే నాలుగు రోజులు. మేనేజరు గారికి ఇక లెక్క తేలిపోయింది. బిజినెస్ వీసా మీద పంపు, గుట్టుగా పని చేసి వచ్చేస్తాడు, ఎవడు చూడొచ్చాడు అన్నాడు. నేను ససేమిరా అన్నాను. పట్టుబడితే పోస్టింగ్ దరఖాస్తు బూడిదలో పోసిన పన్నీరే. ఏమ్మా, చట్టం నువ్వే రాసినట్టు మాట్లాడతావే అన్నాడాయన. రాయలేదండీ, చదివాను, మీరు చదవరు కాబట్టి అన్నాను. పావుగంట యుద్ధం జరిగాక రాజీ కుదిరింది. బాబాయ్ సలహాదారుగా వెళ్తాడు. కుర్చీలో కూర్చుని చెప్తాడు, మన భాష తెలిసిన అక్కడి ఫిట్టరు చేస్తాడు. సలహా చెప్పడం రూలు ప్రకారం ఒప్పే.

చెప్పడానికి బాగానే ఉంది. చెప్పాల్సిన మనిషికి నోరు లేదే. నాలుగు రోజులు, సాయంత్రం షిఫ్టు దిగాక, నా గదిలో రిహార్సల్ పెట్టాను. టేబులు ఫ్యాను ఒకటి తెచ్చి, నా చున్నీతో బాబాయ్ చేతులు వెనక్కి కట్టేసి, ఇప్పుడు దీన్ని నా చేత విప్పించు అన్నాను. ఆయన ఫ్యాను వైపు చూశాడు, నా వైపు చూశాడు. అది ఇలా అన్నాడు. ఎలా బాబాయ్ అన్నాను. ఇలా కాదు, అలా అన్నాడు. భుజాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. మొదటి రోజు గంటన్నరలో ఒక్క స్క్రూ ఊడింది, అది కూడా వేరే స్క్రూ. కాపలా తాత తలుపు తీసి, కట్టేసి ఉన్న మేస్త్రినీ చేతిలో స్క్రూడ్రైవరుతో ఉన్న నన్నూ చూసి, తలుపు మూసేసి వెళ్లిపోయాడు. మూడో రోజుకి ఎడమ, కుడి, పావు తిప్పు, ఆగు అనడం వచ్చింది. నాలుగో రోజుకి ఫ్యాను మొత్తం విప్పి మళ్లీ బిగించాను. తిరిగింది కూడా. ఆ రోజు బాబాయ్ ముఖంలో నవ్వు కనిపించింది. ముప్పై ఏళ్లలో ఆయన ఒకరికి నోటితో పని నేర్పడం అదే మొదలేమో.

విమానాశ్రయంలో అడిగే ప్రశ్నలకీ జవాబులు బట్టీ పట్టించాను. ఎందుకొచ్చావంటే పనికి అనకు, చర్చలకి అను. ఆ మాట ఆయన గొంతు దిగలేదు. పని చేసుకుని బతికేవాణ్ణి, కబుర్లు చెప్పడానికొచ్చానని ఎలా అంటానమ్మాయ్ అని ఒకటే గొడవ. నీకోసం కాకపోతే పిన్ని కోసం అను అన్నాను. సరే అన్నాడు. పనిముట్ల సంచి నా బీరువాలో పెట్టి తాళం వేశాను. కర్రముక్క మాత్రం వదల్లేదు. అది పనిముట్టా కాదా అని రూళ్లన్నీ తిరగేశాను, ఎక్కడా లేదు. పోనీలెమ్మని వదిలేశాను. ఆఖరున పదకొండు పేజీల సూచనలు రాసి చేతిలో పెట్టాను. ముట్టుకోకు, ఎత్తకు, పట్టుకోకు, చెయ్యి చాపి చూపించకు, గ్రీజు అంటించుకోకు. ఇంత రాసి, అసలుది రాయడం మర్చిపోయాను.

మా ప్రెస్సుల దగ్గర నలభై ఏళ్లుగా ఒక పద్ధతుంది. మా ఫ్యాక్టరీ పుట్టిన కొత్తలో ఒకరి వేళ్లు పోయాయిట, అప్పట్నుంచి వచ్చింది. యంత్రం విప్పితే దానికి ఒక ఎర్ర కార్డు వేలాడదీస్తారు. బిగించాక, ఏం బాగుచేశారో ఆ కార్డు మీద రాసి, తయారుచేసిన కంపెనీ ఫిట్టరు సంతకం పెట్టాలి. అంటే, దీనికి పూచీ నాది అని. ఆ సంతకం చూడందే ఎవరూ స్విచ్చి వేయరు, మేనేజరు వచ్చి మెడ మీద కూర్చున్నా సరే. మా యంత్రాలు కొన్నవాళ్లకి కూడా మొదటి రోజే ఇది నేర్పుతాం. నేను రోజూ ఆ కార్డుల పక్కనుంచే నడిచి నా గదికి వస్తాను. ముక్కు మీద కళ్లజోడు పెట్టుకుని ఇల్లంతా వెతికినట్టు, రూళ్ల పుస్తకాలన్నీ వెతికాను గానీ ఆ కార్డు నాకు తట్టలేదు.

అక్కడ జరిగింది ఆ తర్వాత పిన్ని చెప్పగా తెలిసింది. బాబాయ్ కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, తొమ్మిది గంటలపాటు మాట్లాడాట్ట. ఎడమ, కుడి, పావు తిప్పు, ఆగు. మంచినీళ్లు కూడా ఎవరో అందిస్తేనే తాగాట్ట. ఇరుసు బయటికి తీస్తే వెంట్రుకంత పగులు, సరిగ్గా ఆయన చెప్పిన చోట. కొత్తది ఎక్కించారు, బిగించారు. కర్ర చెవికి పెట్టుకుని విన్నాడు, తల ఊపాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ ప్రెస్సు నడిపే అమ్మాయి మాత్రం స్విచ్చి వేయలేదు. కార్డు విప్పి తెచ్చి ఆయన ముందు నిలబడింది. అక్కడి ఫిట్టరు నేను పెడతానన్నాడు. మీ సంతకం చెల్లదండీ, మీకు ఈ యంత్రం తెలియదు అంది. తప్పు లేదు, మేం నేర్పిందే. బాబాయ్ ఆ కార్డు తీసుకుని, ఇరుసు మార్పు అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. పెన్ను కూడా ఆ అమ్మాయిదే.

ఆ సాయంత్రమూ మర్నాటి సాయంత్రమూ పిన్ని గదిలో ఉన్నాడు. ఆమె గదిలో కారే కొళాయి బాగుచేశాడు, కిటికీ గడియ సరిచేశాడు, ఊగే మంచం కోడుకి మేకు కొట్టాడు. తొమ్మిది గంటలు కట్టేసుకున్న చేతులు కదా. అది కూడా పని కిందికి వస్తుందేమో, నేను ఎవర్నీ అడగలేదు. తిరిగొచ్చాక నా టేబులు మీద ఒక చాక్లెట్ల పెట్టె పెట్టి, ముట్టుకోలేదమ్మాయ్ అని వెళ్లిపోయాడు. గండం గడిచిందనుకుని ఆ పెట్టె మొత్తం నేనొక్కదాన్నే తినేశాను.

నెల తిరక్కుండానే ఉత్తరం వచ్చింది. ఆ కార్ఖానాకి తనిఖీ అధికారి వచ్చాడు. యంత్రాలకి వేలాడుతున్న కార్డులు ఒక్కొక్కటే చూస్తూ, బాబాయ్ సంతకంతో మళ్లీ తగిలించిన ఎర్ర కార్డు దగ్గర ఆగాడు. ఈ పేరు గలవాడు ఇక్కడి ఉద్యోగి కాదే అన్నాడు. ఆ తేదీన బిజినెస్ వీసా మీద వచ్చిన మనిషి ఈ దేశంలో పని చేసినట్టు సంతకం ఉంది, సంజాయిషీ ఇవ్వండి అని మా కంపెనీకి రాశాడు. పోస్టింగ్ దరఖాస్తు అంతవరకూ పక్కన పెట్టారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడడమంటే ఇదే.

మేనేజరు గారు నన్ను పిలిచి, చేతులు కట్టి పంపావు సరే, పెన్ను కట్టలేదేమమ్మా అన్నారు. ఆ తర్వాత ఆయనే ఉపాయం చెప్పారు. ఆ సంతకం తనది కాదని మేస్త్రి ఒక కాగితం రాసిస్తే చాలు. అక్కడి ఫిట్టరు తనదేనని రాసిస్తానన్నాడుట. గీతలు గీతల్లాగే ఉంటాయి, ఎవడు పోలుస్తాడు. నిజం చెప్తున్నాను, నాకు ఆశ కలిగింది. చట్టం చదివిన మనిషిని, అయినా కలిగింది. రెండు గదుల ఇల్లు నా కళ్లముందు కనపడింది. నేనే ఆ కాగితం టైపు చేసి, బాబాయ్ ముందు పెట్టాను.

ఆయన మొత్తం చదివాడు. మెల్లగా చదువుతాడు. చదివి పక్కన పెట్టాడు.

"నాది కాదంటే మరి ఆ యంత్రం పూచీ ఎవరిది?" అన్నాడు.

కాగితం మీద మాటే కదా బాబాయ్, ఇరుసు గట్టిగానే ఉంది కదా అన్నాను. ఉందన్నాడు. మరింకేం అన్నాను.

"ఆ పిల్ల రోజూ దాని కింద చెయ్యి పెడుతోందమ్మాయ్. నా సంతకం చూసి పెడుతోంది. నాది కాదంటే ఆపేయమని ఫోన్ చెయ్యాలి. ఆపేసి, మళ్లీ విప్పి, మళ్లీ ఎవరో సంతకం పెట్టాలి. ఎవరు పెడతారు?"

ఇంత పొడుగు మాట ఆయన నోటి వెంట నేనెప్పుడూ వినలేదు. నేను నేర్పిన మాటలే ఇప్పుడు నా మీదకి వస్తున్నాయనిపించింది. ఒళ్లు మండిపోయింది నాకు. పిన్ని ఏమైపోయినా ఫర్వాలేదా, ఆరేళ్లు చాలలేదా, నీ నీతి పట్టుకుని వేలాడు అని నోటికొచ్చినట్టు అరిచాను. పదకొండు పేజీలు రాసిచ్చాను కదా, సంతకం పెట్టే ముందు ఒక్క క్షణం ఆలోచించావా అన్నాను. ఆలోచించాట్ట. నువ్విచ్చిన కాగితంలో కార్డు సంగతి లేదుగా అనుకున్నాట్ట. ఉంటే పెట్టేవాడివి కాదా అని అడిగాను. ఉన్నా పెట్టేవాణ్ణే అన్నాడు.

టైపు చేసిన కాగితం చించేశాను. దాని బదులు ఉన్నదున్నట్టు రాశాను. మనిషి కుర్చీలోంచి లేవలేదు, చేత్తో ఏదీ ముట్టుకోలేదు, తొమ్మిది మంది సాక్షులున్నారు, పెట్టింది ఒక్క సంతకమే, సంతకాలు బిజినెస్ వీసా మీద పెట్టొచ్చని మీ రూళ్లలోనే ఉంది, మా మేనేజరు ఏటా పెడుతున్నారు అని నాలుగు పేజీలు రాశాను. ఆ అమ్మాయి చేత కూడా ఉత్తరం రాయించాను. ఆమె తన రెండు చేతులూ ఒక తెల్లకాగితం మీద పెట్టి, చుట్టూ గీత గీసి, ఉత్తరానికి జతచేసి పంపింది. అది ఫైల్లో ఏ జాబితా కిందికీ రాదు. అయినా పెట్టాను.

జవాబు అయిదు వారాలకి వచ్చింది. పోస్టింగ్ దరఖాస్తు తిరస్కరించారు. రెండేళ్లపాటు ఏ వీసా మీదా ఆ దేశంలో అడుగు పెట్టకూడదన్నారు, భార్యని చూడడానికైనా సరే. బాబాయ్ నా ఎదురుగా కూర్చున్నాడు. నేను చదివి వినిపించాను. మూడో పేరాలో కారణం రాశారు.

"యంత్రాన్ని ఇతరులు బిగించి ఉండవచ్చు. కానీ అది మనుషులు వాడుకోవడానికి సురక్షితమని నిర్ణయించి, ఆ బాధ్యతను తన పేరు మీద స్వీకరించినది ఈ వ్యక్తే. ఆ రోజు అక్కడ జరిగిన పనిలో అదే ముఖ్యమైన పని."

నాకు కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియలేదు. ముప్పై ఏళ్లుగా మా కంపెనీ ఆ మనిషిని సహాయక సిబ్బంది, రెండో శ్రేణి అని రాస్తూనే ఉంది. ఆయన పని ఏమిటో సరిగ్గా కాగితం మీద పెట్టినవాడు ఆ దేశంలో ఎక్కడో కూర్చున్న ఒక గుమస్తా, పెట్టి మరీ తలుపు మూశాడు. బాబాయ్ ఆ పేరా ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. తల ఊపాడు, ఇరుసు విన్నాక ఊపినట్టే.

"సరిగ్గానే రాశాడు," అన్నాడు. లేచి, తలుపు దగ్గర ఆగి, మీ పిన్నికి నువ్వే చెప్పమ్మాయ్, నాకు మాట రాదు అన్నాడు.

పిన్ని మధ్యాహ్నం డ్యూటీ దిగే వేళకి ఫోన్ చేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. మొత్తం వింది. వెనకాల ఏదో బండి దొర్లుకుంటూ పోతున్న చప్పుడు. నేనూ రోగుల చార్టులో సంతకం పెట్టందే డ్యూటీ దిగనే, ఆయన్నేమని అనను అంది. ఇల్లు చూపించిన వాళ్లకి వద్దని చెప్పాలి అంది. తర్వాత అడిగింది.

"రెండేళ్లంటే సరిగ్గా ఎన్ని రోజులే? నువ్వు లెక్కలు కట్టేదానివి కదా, చెప్పు. రాసుకుంటాను."

నేను అందరి రోజులూ లెక్కపెడతాను. ఎవరు ఎన్ని రోజులు ఉండొచ్చో, ఎన్ని మిగిలాయో, ఏ రోజు బయటపడాలో, అదే నా ఉద్యోగం. క్యాలెండరు తీసి, ఉత్తరం మీదున్న తేదీ నుంచి లెక్కపెట్టాను. ఏడు వందల ముప్పై అనబోయి ఆగాను. వచ్చే ఏడు ఫిబ్రవరికి ఇరవైతొమ్మిది రోజులున్నాయి.

ఏడు వందల ముప్పై ఒకటి పిన్నీ అన్నాను. సరే, రాసుకున్నాను అని పెట్టేసింది. ఉత్తరం చదివినప్పుడు రాలేదు, బాబాయ్ వెళ్లిపోతున్నప్పుడు రాలేదు, ఆ ఎక్కువైన ఒక్క రోజుకి నాకు ఏడుపొచ్చింది.